కింది పెదవి ఎడమ మూల

పెళ్ళివాళ్ళు తెనాలిలో పెద్ద హాలు తీసుకున్నారు. వేదిక పక్కన ఒకటి, భోజనాల దగ్గర ఒకటి, గోడంతేసి తెరలు పెట్టించారు. కెమెరా వాళ్ళు ఎవరిని పడితే వాళ్ళని తీసి ఆ తెరల మీద వేస్తున్నారు. నేను విస్తరి ముందు కూర్చుని తలెత్తేసరికి తెర మీద ఒకావిడ పగలబడి నవ్వుతోంది. బుగ్గలు రెండూ జారి నోటికి అటూ ఇటూ సంచుల్లా వేలాడుతున్నాయి. గడ్డం కింద ఇంకో గడ్డం ఉంది. పాపం అనిపించింది.

"ఎవరండీ ఈవిడ? ఎక్కడో చూశాను" అన్నాను పక్కనున్న మా ఆయనతో.

ఆయన గారె నములుతూ తెర చూశారు, నన్ను చూశారు, మళ్ళీ తెర చూశారు. "నువ్వేనే" అన్నారు.

నమ్మకం కుదరక చెయ్యి పైకెత్తాను. తెర మీద ఆవిడ కూడా ఎత్తింది. పాయసం వడ్డించేవాళ్ళు వస్తే విస్తరికి ఆ చెయ్యే అడ్డం పెట్టాను.

అంతకుముందు ఏడాది అన్నం మానేసి సన్నబడ్డాను. షుగర్ అదుపులోకి వచ్చింది, నడుం నొప్పి తగ్గింది, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. ఒళ్ళు తగ్గితే ముఖం జారుతుందని ఒక్కరూ చెప్పలేదు. నేను బాపట్లలో ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తాను. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి వెళ్తాను, సాయంత్రం రైలుకి వస్తాను. ఆ పెళ్ళి తర్వాత రైలు కిటికీ అద్దం వైపు చూడడం మానేశాను. ఇంట్లో మాత్రం తలుపేసుకుని అద్దం ముందు నిలబడి రెండు అరచేతులతో బుగ్గల్ని చెవుల వైపు లాగి పట్టుకునేదాన్ని. ముఖం తేటపడేది, చేతులు తీస్తే మళ్ళీ జారేది. ఎంతోమంది ఆడవాళ్ళు రహస్యంగా ఈ పని చేస్తారని తర్వాత డాక్టరు చెప్పాడు. నాకప్పుడు తెలియదు, నాకొక్కదానికే పిచ్చి పట్టిందనుకున్నాను.

ఇక్కడ మా అక్క గురించి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

అక్క రేపల్లెలో అన్నయ్యా వదినలతో ఉంటుంది. పుట్టుకతోనే వినపడదు. మాట కూడా రాలేదు. బడికి పంపాలని మావాళ్ళకి తోచలేదు, అలాంటి బడులుంటాయనీ తెలియదు. చిన్నప్పుడే కుట్టుపని నేర్చుకుంది. ఇప్పటికీ చీరలకు ఫాల్స్, జాకెట్లకు హుక్స్ కుడుతుంది. చేతుల్లో ఎప్పుడూ గుడ్డా సూదీ ఉండేవి కాబట్టి చేతులతో సైగ చేయడం మా ఇంట్లో కుదరలేదు. మాటంతా ముఖం మీదే నడిచింది. కనుబొమలు పైకెత్తితే వాన. కళ్ళు గట్టిగా మూస్తే నిద్ర. బుగ్గలు పూరిస్తే వదిన. పళ్ళు బయటపెడితే అన్నయ్య, ఆయనకి పళ్ళు ఎత్తు. వదినకి ఈ సంగతి తెలుసు. మొదట్లో అలిగింది గానీ ఇప్పుడు తనని తాను పిలుచుకోవాలన్నా అలాగే పిలుచుకుంటుంది. కనుబొమల మధ్య రెండు గీతలు పడేలా ముడివేస్తే ప్రశ్న. ఏంటి, ఎక్కడ, ఎందుకు, అన్నీ దాంట్లోనే.

కింది పెదవి ఎడమ మూల కిందికి లాగితే నేను. చిన్నప్పుడు అమ్మ తిడుతుంటే వెనకాల నిలబడి అలా మూతి పెట్టి అక్కని నవ్వించేదాన్ని. అదే నా పేరైపోయింది. మా నాన్న పెట్టిన పేరు అక్కకి ఎలాగూ వినపడదు. ఆదివారం వచ్చిందంటే రేపల్లె రైలెక్కుతాను. నేను గుమ్మంలోకి వచ్చేసరికి అక్క తలెత్తి తన పెదవి మూల కిందికి లాగుతుంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ముందు నా చీర కేసి, తర్వాత ముఖం కేసి చూడలేదు.

సరే, డాక్టరు దగ్గరికి వస్తాను. గుంటూరు నుంచి ఒక ప్లాస్టిక్ సర్జన్ శనివారాలు తెనాలి వస్తాడని ఆఫీసులో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. మనిషి నెమ్మదస్తుడు. నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు. బీపీ, షుగర్, ఇదివరకటి ఆపరేషన్లు, మత్తుమందు పడడం పడకపోవడం.

"సిగరెట్, చుట్ట ఏమైనా అలవాటుందాండి?"

"నన్ను చూస్తే చుట్ట తాగేదానిలా కనిపిస్తున్నానా?" అన్నాను. ఒళ్ళు మండింది.

"అందర్నీ అడుగుతామండి. పొగ తాగేవాళ్ళకి లేపిన చర్మానికి రక్తం సరిగ్గా అందదు. నల్లబడి చచ్చిపోతుంది."

చచ్చిపోతుంది అన్న మాట అంత మామూలుగా అనేసరికి నా మంట చప్పున చల్లారిపోయింది. మా ఆయన కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

"మందులేమైనా వాడుతున్నారా?"

"షుగర్ మాత్ర తప్ప ఏమీ లేదండి" అన్నాను.

తర్వాత ఆయన నా చేతికి అద్దమిచ్చి చూపుడు వేలితో గీస్తూ చెప్పాడు. కోత చెవి ముందు మొదలవుతుంది. చెవి చుట్టూ తిరిగి వెనక జుట్టులోకి పోతుంది. చర్మం లేపి, లోపలి పొర బిగించి, మిగిలిన చర్మం కత్తిరించి కుడతారు. కొన్ని రోజులు కట్లూ గొట్టాలూ ఉంటాయి. వాపు, కమిలిన మచ్చలు వారాల తరబడి ఉంటాయి. చెవుల చుట్టూ నెలల పాటు స్పర్శ తెలియకపోవచ్చు. బరువు కమ్మలు ఇప్పట్లో పెట్టకూడదు. ఎంత బాగా చేసినా వయసు ఆగదు, కొన్నేళ్ళకి మళ్ళీ జారుతుంది. ఆయన ఏదీ దాచలేదు. దాచకపోవడం వల్లే నాకు భయమేసింది. వచ్చేటప్పుడు నా లెక్కలో ఇది కొంచెం పెద్ద ఫేషియల్ అంతే.

"రాత్రిపూట రక్తం వస్తే ఎలాగండి? మీరు గుంటూరులో కదా ఉండేది" అని అడిగారు మా ఆయన. ఆయన అడిగిన మంచి ప్రశ్న అదొక్కటే.

"డ్యూటీ డాక్టరు ఉంటారండి. ఫోన్ చేస్తే నేను బయల్దేరి వచ్చేస్తాను. దాంతో మీకు ధైర్యం చాలకపోతే గుంటూరులో చేయించుకోండి, తప్పేం లేదు."

ఆ గుంటూరు రోడ్డు, దాని మీద లారీలు, వాటి వెనక ఇరుక్కున్న డాక్టరు కారు, అన్నీ నా కళ్ళ ముందు కదిలాయి.

చివర్లో ఆయన సెల్‌ఫోన్ కెమెరా నా ముఖానికి ఎదురుగా పెట్టి, చెప్పినట్టు చేయమన్నాడు. ఇప్పుడు ఏ కండ ఎలా కదులుతుందో ముందే తీసి పెట్టుకుంటే తర్వాత తేడా తెలుస్తుందట.

"కనుబొమలు పైకెత్తండి. ఆ. కళ్ళు గట్టిగా మూయండి. బుగ్గలు పూరించండి. పళ్ళు చూపించండి."

వాన, నిద్ర, వదిన, అన్నయ్య. నాకు నవ్వు ఆగలేదు. డాక్టరుకి అర్థం కాక ఆయనా కొంచెం నవ్వాడు.

"ఇప్పుడు కింది పెదవి మూలలు కిందికి లాగండి. ముందు ఎడమది. ఇదే అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది. దీన్ని లాగే నరం చాలా సన్నంగా దవడ అంచు మీంచి పోతుంది. ఎప్పుడో ఒకరికి అది దెబ్బతింటుంది. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది."

"రాకపోతే?"

"అరుదుగా కొందరికి రాదండి. ఆ మూల కదలదు. చాలామంది పెద్దగా పట్టించుకోరు."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. నా పేరు ఆయన ఫోన్‌లో వీడియోగా ఉంది. అయినా లేచి రాలేదు. తెర మీద ఆవిడంటే నాకింకా ఎక్కువ భయం. రెండు వారాల తర్వాతి శనివారానికి ఒప్పుకుని వచ్చాను.

సోమవారం పొద్దున కాఫీతో పాటు మా ఆయన తన మాత్రల డబ్బా తీసి, అలవాటు ప్రకారం ఒకటి ఆయన వేసుకుని ఇంకోటి నా చేతిలో పెట్టారు. నేనూ నీళ్ళతో మింగేశాను. మింగాక గుర్తొచ్చింది. అది రక్తం పలచబడే మాత్ర. ఆయనకి స్టెంట్ వేసినప్పుడు రాశారు. యాభై దాటినవాళ్ళకి ఎవరికైనా గుండెకి మంచిదేనని పక్కింటాయన చెప్పిన దగ్గర్నుంచి ఇద్దరం వేసుకుంటున్నాం. దేవుడి దగ్గర తీర్థం తీసుకున్నట్టు చెయ్యి చాచి తీసుకోవడమే గానీ, అది నేను వాడే మందు అని నాకెప్పుడూ తోచలేదు. అది ఆయన మందు. అందుకే డాక్టరు అడిగితే లేదని చెప్పాను.

పై ప్రాణాలు పైనే పోయాయి. క్లినిక్‌కి ఫోన్ చేశాను. వాళ్ళు గుంటూరులో ఉన్న డాక్టరుని లైన్లో కలిపారు, ఆయన అంతా విన్నాడు.

"అమ్మా, ఈ మాట చెప్పకుండా బల్ల మీద పడుకుని ఉంటే చర్మం కింద రక్తం చేరిపోయేది. మీకు రాయని మాత్ర మీరెందుకు వేసుకుంటున్నారు?"

"ఆయన వేసుకుంటున్నారని" అన్నాను. ఎంత తెలివితక్కువగా వినిపించిందో నాకే తెలిసింది.

వెంటనే మానేయమని, పసర్లూ వెల్లుల్లి మాత్రలూ లాంటివి ఏమున్నా చెప్పమని, మళ్ళీ రక్త పరీక్షలు చేయించి ఆపరేషన్ ఇంకో రెండు వారాలు జరుపుదామనీ అన్నాడు. "మీవారు వేసుకోవాల్సింది మాత్రం ఆయన ఆపకూడదు. అది గుర్తుపెట్టుకోండి" అని కూడా చెప్పాడు. ఆ సాయంత్రం మా ఆయన డబ్బా తీసుకెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేశారు. నన్ను దొంగని చూసినట్టు చూశారు.

అలా కలిసొచ్చిన రోజుల్లోనే బాపట్లలో టీచరు గారిని చూడ్డానికి వెళ్ళాను. ఆవిడ మా కాలేజీ వెనక వీధిలో ఉంటారు, రిటైరయ్యారు. హైదరాబాదులో కూతురి దగ్గరికెళ్ళి ఫేస్‌లిఫ్ట్ చేయించుకుని వచ్చారని వీధంతా తెలుసు. నాకు మొహమాటం లేదు, ఆఫీసయ్యాక తిన్నగా వెళ్ళి సంగతి చెప్పాను.

ఆవిడ నన్ను కూర్చోబెట్టారు. చాలా బాగున్నారు. నిజం చెప్పాలి, అసూయ కలిగింది. దవడ గీత తీర్చినట్టుంది, మెడ మీద ముడతలు లేవు. చెవి వెనక జుట్టు తీసి మచ్చ చూపించారు, వెతికితే గానీ కనపడలేదు. నొప్పి కంటే దిగులెక్కువ అన్నారు. వాపుతో అద్దంలో తనని చూసుకుని మొదటి వారమంతా ఏడ్చానన్నారు. తలకింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోవాలనీ, పక్కన ఒక మనిషి ఉండి తీరాలనీ చెప్పారు. అన్నీ వివరంగా చెప్పారు. చెబుతున్నంతసేపూ నాకేదో తేడా తెలుస్తోంది గానీ ఏంటో పట్టుకోలేకపోయాను.

కాఫీ తెచ్చిచ్చి, "మీకు చక్కెర పడదుగా, ఉప్పేశాను" అన్నారు.

నేను గ్లాసు నోటి దాకా తీసుకెళ్ళి ఆగిపోయాను. ఆవిడ ముఖం చూశాను. ఏమీ లేదు. కోపమా, మరుపా, మతిపోయిందా తెలియలేదు.

"జోకండి" అన్నారు ఆవిడ. "ఈ పక్క కదలిక ఇంకా పూర్తిగా రాలేదు. వస్తుందంటున్నారు, కొంచెం వచ్చింది కూడా. ఈలోగా జోకేసినప్పుడల్లా జోకని చెప్పాల్సొస్తోంది. చెప్తే మీకు తెలుస్తుంది కదా, ఇబ్బందేం లేదు."

చెప్తే నాకు తెలుస్తుంది, నిజమే, నాకు చెవులున్నాయి.

ఆ కాఫీ ఎలా తాగానో, స్టేషన్‌కి ఎలా వచ్చానో తెలియదు. రైల్లో సీటు దొరికినా కూర్చోలేక తలుపు దగ్గర నిలబడ్డాను. అయినా మనసు బేరాలాడుతూనే ఉంది. ఎప్పుడో ఒకరికే అన్నాడుగా, ఆ ఒక్కరూ నేనే ఎందుకవుతాను? ఆ ఒక్కరూ టీచరు గారే కాబట్టి ఇంక నాకు రాదేమో? ఇలాంటి లెక్కలు వేసుకునేదానికి ఆఫీసులో జీతమిస్తున్నారు.

ఎటూ అక్కకి చెప్పాలి. ఆపరేషనైతే కొన్ని ఆదివారాలు రేపల్లె వెళ్ళలేను. చెప్పకుండా మానేస్తే నేను చచ్చిపోయాననుకుంటుంది. మా అమ్మ ఆసుపత్రికి వెళ్ళి తిరిగి రానప్పట్నుంచీ, రావాల్సిన మనిషి రాకపోతే అక్క మనసు ముందు అక్కడికే పోతుంది.

ఆ ఆదివారం రైలు భట్టిప్రోలు దాటుతుండగా అక్కకి ఎలా చెప్పాలా అని ముఖంతో రిహార్సల్ వేసుకుంటుంటే ఎదుటి సీట్లో ఆవిడ "పన్ను నొప్పా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను.

వదిన తలుపు తీసి, "ఏంటమ్మా, ముఖం అలా ఉంది?" అంది. లోపల అక్క కిటికీ పక్కన ఎవరిదో పట్టుచీరకి ఫాల్ కుడుతోంది. తలెత్తింది. పెదవి మూల కిందికి లాగింది. నేనూ లాగాను. పక్కన కూర్చున్నాను.

ముందు ఇంజెక్షన్ పొడిచినట్టు ముఖం ముడిచి ఆసుపత్రి అని చెప్పాను. వెంటనే సూది ఆగింది, కనుబొమల మధ్య రెండు గీతలు పడ్డాయి. జబ్బు కాదని చెప్పాను. నమ్మలేదు. చెవి దగ్గర వేలితో కోత చూపించాను. అక్క ముఖం పాలిపోయింది. ఇలా లాభం లేదని, జాకెట్లు వేసుకుని చూసుకునే అద్దం ముందుకి తీసుకెళ్ళాను. రెండు అరచేతులతో బుగ్గల్ని చెవుల వైపు లాగి పట్టుకుని, చూడు, ఇలా అవుతాను, అన్నట్టు ఆమె వైపు తిరిగాను.

అక్క నవ్వింది. కొత్త రవిక కుట్టు చూసినట్టు దగ్గరికొచ్చి చూసింది. నాకు ధైర్యం వచ్చింది. చేతులు వదలకుండానే, ఇది నేనే, భయపడకు, అని చెప్పబోయాను.

నేను అని చెప్పాలంటే పెదవి మూల కిందికి రావాలి. చర్మం బిగిసి ఉంది, రాలేదు. ఇంకొంచెం బలంగా లాగాను. నోరంతా పక్కకి సాగింది గానీ ఆ మూల దిగలేదు. నా కళ్ళలో తనకేం కనిపించిందో మరి, కళ్ళు కూడా సాగిపోయే ఉన్నాయి కదా.

అక్క నవ్వు ఆగిపోయింది. ఒకడుగు వెనక్కి వేసింది. నా ముఖంలోకే చూస్తూ తన కింది పెదవి ఎడమ మూల కిందికి లాగి, కనుబొమలు ముడివేసింది.

అది మా భాషలో ఒకే ఒక్క ప్రశ్న. చెల్లి ఏది?

నేను రావడం ఆలస్యమైనప్పుడు అన్నయ్యని అలా అడుగుతుంది. నన్ను నా గురించి అడగడం అదే మొదలు. ఆటపట్టిస్తోందేమో అనుకున్నాను. కాదు. నా భుజం మీంచి గుమ్మం కేసి వెతికి చూసింది. డాక్టరు దగ్గర, రైల్లో, బాపట్లలో పడ్డ భయమంతా దీని ముందు ఎందుకూ పనికిరాదు.

చేతులు వదిలేశాను. బుగ్గలు జారి ఎక్కడివక్కడికి వచ్చాయి. అక్క నా భుజం మీద గట్టిగా ఒక్కటి కొట్టింది. తర్వాత వచ్చి నా దవడ మీద వేలుపెట్టి, ఆ జారిన సంచిని అటూ ఇటూ కదిపి చూసింది. వదిన గుమ్మంలో నిలబడి, "ఏంటమ్మా మీ గొడవ?" అంటోంది.

మర్నాడు బాపట్ల రైల్లోంచి క్లినిక్‌కి ఫోన్ చేసి రానని చెప్పాను.

"భయమేస్తోందా మేడం? అందరికీ ఉంటుందండి. డాక్టరు గారితో ఒకసారి మాట్లాడతారా?" అంది అక్కడి అమ్మాయి.

"వద్దమ్మా. భయమే" అన్నాను. చేయించుకున్నవాళ్ళని నేనేమీ అనను. టీచరు గారి దవడ గీత చూస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. పెళ్ళిళ్ళలో తెరకి వీపు పెట్టి కూర్చుంటాను.

కానీ ఆ ఆదివారం సంగతి ఇంకొంచెం ఉంది. సాయంత్రం రైలుకి బయల్దేరుతుంటే అక్క గుమ్మం దాకా వచ్చింది. ఎప్పుడూ రాదు, కుడుతూ కూర్చునే తలూపుతుంది. నా ముఖాన్ని వెలుగు వైపు తిప్పి, తన పెదవి మూల లాగి, మళ్ళీ అదే అడిగింది.

చెప్పాను. ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పాను. పెదవి మూల కిందికి లాగిన ప్రతిసారీ, వస్తుందో రాదో అని నా గుండె ఆగి కొట్టుకుంది. వచ్చింది.